గోడ లేని బడి

(సంక్రాంతికి ఊళ్లో జరిగిన పాత విద్యార్థుల కలయికలో మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసినదాన్ని విని ఉన్నదున్నట్టు టైప్ చేసి పెడుతున్నా.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినపడుతోందా? ఆ, సరే. మైకు కొంచెం కిందకి దించు బాబూ.

బాబాయిలు, పిన్నులు, నా తోటివాళ్లు, మన బడి టీచర్‌గార్లు, ముందు కింద కూర్చున్న పిల్లలు, అందరికీ. నన్ను చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు, నేను రాత్రి కూర్చుని కాగితం మీద ఏదో రాసుకున్నా కూడా. కానీ పొద్దున ఏం చేశానంటే, కారు లాకుల దగ్గరే ఆపించి దిగిపోయి, చిన్నప్పుడు మా పాలెం నుంచి బడికి వచ్చే దారి ఉంది కదా కాలవ గట్టు మీద, ఆ దారినే నడిచొచ్చా. మైలున్నర. అరగంటలో వచ్చేశా. అదే దారి నా ఆరేళ్లప్పుడు గంట పైనే పట్టేది, ఎందుకంటే అప్పుడు ఆ దారిలో చెయ్యాల్సిన పనులు అన్ని ఉండేవి మాకు. అలా నడుస్తూ ఉంటే రాసుకున్నదంతా అవతలకి పోయింది, వేరే మాటలు వచ్చి కూర్చున్నాయి. అవే చెప్తా. కాగితం జేబులోనే ఉంటుంది.

నేను ఈ బళ్లో చేరింది 1968 జూన్‌లో. అప్పుడు బోర్డు మీద పంచాయతీ సమితి ప్రాథమిక పాఠశాల అని ఉండేది, మండలాలు వచ్చాక ఎనభైల్లో మండల పరిషత్ అని మార్చారు. ఒకటే పొడుగాటి హాలు, పైన బంగళా పెంకులు, ముందు వసారా. అయిదు తరగతులు, ఇద్దరు మాస్టార్లు. పెద్ద మాస్టారు, చిన్న మాస్టారు, మాకు తెలిసిన పేర్లు అంతే. చిన్న మాస్టారు అవనిగడ్డ నుంచి సైకిల్ మీద వచ్చేవారు, ఆయన సైకిల్ చైన్ చప్పుడు వినపడితే చాలు హాలంతా సైలెంట్. వసారా దూలానికి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది, అదిగో అదే, ఇప్పటికీ అదే ఉంది, చూడండి తుప్పు పట్టింది గానీ అదే. అది బెల్లు. ఇంట్రబెల్లు, అన్నం బెల్లు, లాంగ్ బెల్లు, అన్నీ దానిమీదే.

ఒకటి మాత్రం లేదు అప్పుడు. గోడ లేదు. ఈ ప్రహరీ లేదు, ఆ నీలం గేటు లేదు. బడి ఎక్కడ మొదలు, ఊరు ఎక్కడ అయిపోయింది అంటే చెప్పలేం. ఇక్కడ, సరిగ్గా ఈ షామియానా వేసిన చోట, పెద్ద నిద్రగన్నేరు ఉండేది, నలుగురు చేతులు పట్టుకుంటే గానీ మొదలు చుట్టుకునేది కాదు. దాని నీడ ఎక్కడ మొదలైతే మాకు బడి అక్కడ మొదలు.

సరే, ముందు దారి గురించి చెప్తా.

మా పాలెం నుంచి పదకొండు మందిమి బయల్దేరేవాళ్లం. ముందు అయిదో తరగతి వాళ్లు, మధ్యలో మాలాంటి చిన్నవాళ్లు, వెనక నాలుగో తరగతి వాళ్లు. ఎవరూ మాకు ఈ వరస చెప్పలేదు, ముందువాళ్లు అలా నడిచారు, మేం నడిచాం. మా అక్క నాలుగో తరగతి అప్పుడు. అమ్మ నా చెయ్యి తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టేది, అక్క ఆ చెయ్యి ఇంటి మలుపు దాటేదాకా పట్టుకుని తర్వాత వదిలేసేది, మళ్లీ సాయంత్రం అదే మలుపు దగ్గర పట్టుకునేది. మధ్యలో ఉన్నదంతా మాదే.

బళ్లు తెరిచేది జూన్‌లో, మనకి కాలవలు వదిలేదీ జూన్‌లోనే కదా. ఎండాకాలమంతా కాలవ ఎండిపోయి అడుగున నెర్రెలు తీసి ఉండేది, మేం కాలవలోనే ఆడుకునేవాళ్లం. అక్కడ బెజవాడలో బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారంట అని కబురొచ్చేది, ఇంక రోజూ ఎదురుచూపే, ఎందుకంటే ఆ నీళ్లు అంత దూరం వచ్చి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా నది దాటి మన దివిసీమలోకి దిగి, మన చిన్న కాలవ దాకా రావాలి. వచ్చిన రోజు చూడాలి. నీళ్లు ఒక్కసారిగా రావు. ముందు నురగ వస్తుంది, నురగ ముందు ఎండుటాకులు, పుల్లలు, చీమలు పట్టిన తాటి గుజ్జు ముక్కలు, వాటిని తోసుకుంటూ ఎర్రటి నీళ్లు, మనిషి నడిచినంత స్పీడే. నెర్రెల్లోకి దిగేటప్పుడు బుడబుడమని చప్పుడు. పొడి మట్టి మీద నీళ్లు పడ్డ వాసన. మేం గట్టు మీద నీళ్లతో పాటు నడిచేవాళ్లం, కాసేపు ముందుకు పరిగెత్తి వెనక్కి చూసేవాళ్లం, అది వస్తోందా రావట్లేదా అని. ఒక ఏడు అలా నీళ్లతో పాటే బడికి వచ్చాం, బెల్లు కొట్టి చాలాసేపయింది. చిన్న మాస్టారు బెత్తం పట్టుకుని వసారాలో నిలబడ్డారు. ఏరా ఇంత ఆలస్యం అన్నారు. నీళ్లొచ్చాయండి అన్నాం. ఆయన ఇంకో మాట అడగలేదు. బెత్తం దూలం మీద పెట్టి, పదండి అని హాల్లో ఉన్న పిల్లలందర్నీ గట్టు మీదకి తీసుకెళ్లారు, అయిదు తరగతులూ గట్టు మీద వరసగా నిలబడి కొత్తనీరు చూశాం. అప్పుడే చెప్పారు ఆయన, ఈ నీళ్లు ఎక్కడ పుట్టాయి, పడమటి కొండల్లో, మహారాష్ట్రలో, ఎన్ని ఊళ్లు చూసి మన ఊరికొచ్చాయి అని. భూగోళం నాకు ఆ రోజు అర్థమైనట్టు మళ్లీ ఎప్పుడూ అర్థం కాలేదండీ.

తర్వాత ఆరుద్ర కార్తె. జూన్ ఇరవై రెండు అలా వస్తుంది. తొలకరి పడి తెరిపిచ్చిన పొద్దున, లాకుల అవతల ఇసక మేట ఉండేది, అక్కడ ఆరుద్ర పురుగులు. ఈ తరం పిల్లలు చూశారో లేదో. కుంకుమ భరిణె లోపల మఖమల్ గుడ్డ ఉంటుందే, అంత ఎరుపు, అంత మెత్తన. ముట్టుకుంటే కాళ్లు లోపలికి ముడుచుకుని చిన్న గుండులాగా అయిపోతుంది. కాసేపు ఊపిరి బిగబట్టి కదలకుండా చూస్తే ముందు ఒక కాలు బయటికి వస్తుంది, తర్వాత ఇంకోటి, నడవటం మొదలుపెడుతుంది. అగ్గిపెట్టెలో రెండు గడ్డిపోచలు వేసి దాంట్లో పెట్టుకుని బడికి తెచ్చేవాళ్లం. క్లాసులో పెట్టె మెల్లిగా తెరిచి చూసి మూసెయ్యడం. ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ ఆ ఇసకలోనే వదిలెయ్యాలి, అలా వదలకపోతే వానలు రావని మా అక్క చెప్పింది, నేను నమ్మాను, ఒక్కసారి కూడా ఇంటికి తీసుకెళ్లలేదు.

వానాకాలం వచ్చిందంటే మన రేగడి సంగతి మీకు చెప్పక్కర్లేదు. చెప్పులు ఎవరికీ లేవు, అవసరమూ లేదు, మట్టే బూట్లలాగా అంటుకునేది, పది అడుగులకి ఒకసారి పుల్ల తీసుకుని గీక్కోవడం, మళ్లీ నడవడం. బడి మెట్ల పక్కన మా కాళ్ల మట్టి చిన్న గుట్ట అయ్యేది వానాకాలం అయ్యేసరికి.

ఆ దారిలో బోదె, అదే పిల్లకాలవ, ఒకటి దాటాలి. బోదె మీద వంతెన అంటే చీల్చిన తాటి మొద్దు, అంతే. ఎండలో పర్లేదు, వాన పడితే పాచి పట్టి సబ్బులాగా ఉండేది. ఒక్కొక్కళ్లే దాటాలి. ఆ మొద్దు దగ్గరే పల్లె, అదే దళితవాడ, నుంచి వచ్చే డొంక కలుస్తుంది. పల్లె పిల్లలు ఆ డొంకలో వచ్చి అక్కడ నిలబడేవాళ్లు, మేం దాటాక వాళ్లు దాటేవాళ్లు. అక్కడి నుంచి బడిదాకా దారి ఒకటే, గుంపులు రెండు. మేం ముందు, వాళ్లు వెనక, మధ్యలో ఒక పది గజాలు. ఎవరన్నారు అలా నడవమని? ఎవరూ అన్లేదు. నేను చెప్పానే ఇందాక, ముందువాళ్లు అలా నడిచారు, మేం నడిచాం అని. మంచీ అలాగే వచ్చింది, ఇదీ అలాగే వచ్చింది.

రెండో తరగతిలో ఆ మొద్దు మీంచి నేను బోదెలో పడ్డా. నీళ్లు నడుం లోతే, కానీ నా నడుం కాదు కదా, పెద్దవాళ్ల నడుం. మావాళ్లు గట్టు మీద నుంచి అరుస్తున్నారు. అవతల డొంకలో నిలబడ్డ పిల్లాడు ఒకడు, నా క్లాసే, దిగి నా జుట్టు పట్టుకుని లాగి ఒడ్డున పడేశాడు. నా పలక మొద్దుకి కొట్టుకుని రెండు ముక్కలైంది. మార్కాపురం పలక, చుట్టూ చెక్క ఉన్నది, ఆ సంవత్సరమే నాన్న కొన్నాడు, నేను ప్రాణం పోయినట్టు ఏడుస్తున్నా పలక కోసం. వాడు రెండు ముక్కలూ ఏరుకొచ్చి పెద్దది నాకిచ్చి చిన్నది వాడు పెట్టుకున్నాడు, ఎందుకంటే అప్పటికి వాడి దగ్గర ఉన్నది దానికంటే చిన్న ముక్క. అయిదో తరగతి దాకా వాడు ఆ ముక్క మీదే రాశాడు.

ఇంటికెళితే అమ్మ ఎవరు తీశారురా నిన్ను అని అడిగింది. చెప్పాను. అమ్మ నన్ను గుమ్మంలోకి రానివ్వకుండా నూతి దగ్గరికి తీసుకెళ్లి తలమీంచి నాలుగు చేదలు నీళ్లు పోసింది. నేను బురద కడుగుతోందనుకున్నా. చాలా ఏళ్లు అలాగే అనుకున్నా. మా అమ్మ ఎవరికీ కీడు తలపెట్టిన మనిషి కాదు, ఈ ఊళ్లో ఆవిడ చేతి అన్నం తిననివాళ్లు తక్కువ, అది మీకందరికీ తెలుసు. కానీ ఆ నాలుగు చేదల నీళ్లు నిజం. ఈ మాట ఇక్కడ నిలబడి చెప్పాలని నాకు చాన్నాళ్లుగా ఉంది, ఎందుకంటే వాడు ఇదిగో ముందు వరసలో కూర్చున్నాడు.

(చప్పట్లు)

కూర్చోరా, కూర్చో. నేనింకా అయిపోలేదు.

బళ్లో కూడా ఉండేది అది. వసారాలో మంచినీళ్ల కుండ, గ్లాసు ఒకటే. మేం ముంచుకుని తాగేవాళ్లం, పల్లె పిల్లలు మెట్ల కింద దోసిలి పడితే ఎవరో ఒకరు పైనుంచి పోసేవాళ్లు. మధ్యాహ్నం ఉప్మా పెట్టేవాళ్లు, అది కేర్ అనే సంస్థ వాళ్లు అమెరికా నుంచి పంపిన గోధుమ రవ్వ, నూనె, పాలపొడి. ఆ పాలపొడి అంగిలికి అతుక్కుంటే సాయంత్రం దాకా నాలుకతో గీక్కుంటూనే ఉండేవాళ్లం, గుర్తుందా? నూనె డబ్బాల మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ డబ్బాలు పక్కన పెట్టుకుని వడ్డించేవాళ్లు, మేం బాదం ఆకులు కడుక్కుని చెట్టు కింద రెండు వరసలుగా కూర్చునేవాళ్లం. రెండు వరసలు.

మరి ఎక్కడ కలిశాం అంటే, ఈ మట్టిలో కలిశాం. ఆటలో.

ఉప్మా తినేసి ఆకులు పారేసి చేతులు కడుక్కునేదాకా వరసలు ఉండేవి. ఆ తర్వాత ఎవడో ఒకడు మడమతో నేల మీద గీత గీసేవాడు, ఇక్కణ్నుంచి అక్కడిదాకా, చెడుగుడు. జట్లు ఎలా పంచుకునేవాళ్లమో గుర్తుందా? పెద్దాళ్లు ఇద్దరు లీడర్లు. మిగతావాళ్లు ఇద్దరిద్దరు భుజాల మీద చేతులేసుకుని చెట్టు వెనక్కి వెళ్లి గుసగుసగా పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్లు. చందమామ కావాలా సూర్యుడు కావాలా? పులి కావాలా ఏనుగు కావాలా? లీడర్ ఒకటి అంటాడు, ఆ పేరున్నవాడు అటు, రెండోవాడు ఇటు. పులి ఎవడో లీడర్‌కి తెలియదు. పల్లెవాడా పాలెం వాడా తెలియదు. జంటలు కట్టేటప్పుడు చూసేది ఒకటే, ఇద్దరూ సమ ఉజ్జీలా కాదా అని. అలా నాకూ వాడికీ జంట కుదిరింది, మూడేళ్లు అదే జంట, అంటే ఎప్పుడూ ఎదురెదురు జట్లే.

కూతకి వెళ్లడం అంటే ఏంటో ఈ పిల్లలకి చెప్పాలి. ఊపిరి పట్టి చెడుగుడు చెడుగుడు అంటూ గీత దాటి అవతల జట్టులోకి పోవాలి. ఊపిరి తెగకూడదు. అవతల ఏడుగురు చేతులు చేతులు పట్టుకుని గొలుసులాగా నిలబడతారు. వాడు మా జట్టులోకి కూతకి వస్తే మేం పాలెం పిల్లలం, పల్లె పిల్లలం, చేపలు పట్టేవాళ్ల పిల్లలు, చాకలి వాళ్ల అబ్బాయి, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని, చెమటకి జారిపోతుంటే మణికట్టు దగ్గర ఇంకా గట్టిగా పట్టుకుని నిలబడేవాళ్లం. వాణ్ణి పట్టుకుంటే ఏడుగురం మీద పడేవాళ్లం. ఒకళ్ల చెమట ఒకళ్లకి, ఒకళ్ల మట్టి ఒకళ్లకి. కింద వాడు, ఇంకా కూత ఆపడు, గొంతు చిన్నదైపోతుంది, మట్టిలో మూతి పెట్టి కూడా చెడుగుడు చెడుగుడు అని వినపడీ వినపడనట్టు, చెయ్యి మాత్రం గీత వైపు సాగుతూ ఉంటుంది. ఆ వేళ్లు గీతకి ఇంకా బెత్తెడు దూరం. ఆ బెత్తెడు నేను ఇప్పటికీ చూస్తా కళ్లు మూసుకుంటే. వేలు గీతకి తగిలితే మేం ఏడుగురం అవుట్. తగిలేది. ఎక్కువసార్లు తగిలేదండీ.

ఊళ్లో పెద్దవాళ్లు వచ్చే పోయేవాళ్లు అంతా చూసేవాళ్లు, గోడ లేదు కదా, ఈ గ్రౌండ్ మధ్యలోంచే గేదెల్ని తోలుకెళ్లేవాళ్లు. ఎవరూ ఏమీ అన్లేదు. అదేంటో నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాదు, నీళ్ల కుండ దగ్గర చూసే కళ్లు ఇక్కడ ఎందుకు చూడలేదు అని. పిల్లల ఆట కదా అనుకుని ఉంటారు. పిల్లల ఆట అనుకోబట్టే మాకు అది దక్కింది.

ఆడపిల్లలు అటు వసారా పక్కన తొక్కుడుబిళ్ల. మా అక్క దాంట్లో చాలా గట్టిది, ఆవిడ బిళ్ల బంగళా పెంకు ముక్క, గుండ్రంగా అరగదీసుకుని లంగా కుచ్చెళ్లలో దోపుకుని తెచ్చుకునేది. కళ్లు మూసుకుని గళ్లన్నీ దాటి అమ్మైట్? అని అడిగేది, రైట్ రైట్ అని అందరూ అరిచేవాళ్లు. ఆవిడ పాదం గీత మీద పడటం నేను చూళ్లేదు. 1970లో అయిదో తరగతి అయిపోగానే మాన్పించేశారు. హైస్కూలు మూడు మైళ్లు, పెద్దదయింది పిల్ల, అక్కడ దొడ్డి లేదు అన్నారు. ఇక్కడ మాత్రం ఉందా? ఇంట్రబెల్లుకి ఆడపిల్లలు అయిదారుగురు కలిసి ఆ తుమ్మచెట్ల వెనక్కి వెళ్లేవాళ్లు, ఒకళ్లు కాపలా. అక్క బడి మానేశాక కూడా సాయంత్రాలు నీళ్ల బిందెతో ఇటే వచ్చి ఆ గళ్ల దగ్గర కాసేపు నిలబడి వెళ్లేది. అందుకే, నేను గోడ లేని రోజులే మంచివి అనట్లేదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకంలో బాత్రూములు వచ్చాయి, కుళాయి వచ్చింది, ప్రహరీ వచ్చింది. ఆ రోజుల్లో ఈ బాత్రూములు ఉంటే మా అక్క టీచర్ అయ్యుండేది.

దారి కూడా అంతే. ఆ దారిలో మేం ఒక పాపని పోగొట్టుకున్నాం. మూడో తరగతి. ఆశ్వయుజంలో, కాలవ నిండుగా ఉన్నప్పుడు. తర్వాత పెద్దలు ఆ తాటి మొద్దుకి పక్కన వెదురు కట్టారు పట్టుకోవడానికి, కాలవ వెంట నడవొద్దని పొలాల్లోంచి తిప్పి పంపారు కొన్నాళ్లు. అందుకని పిల్లల్ని మళ్లీ మైలున్నర నడిపించండి అని నేను అననండీ. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక చిన్నపిల్లలకి కిలోమీటరు లోపే బడి ఉండాలన్నారు, అది మంచి మాట.

నన్ను బోదెలోంచి లాగినవాడి గురించి ఒక మాట. బెల్లు కొట్టే డ్యూటీ ఎవరికంటే, ఎక్కాలు ముందు అప్పజెప్పినవాళ్లకి. చిన్న మాస్టారు పెట్టిన రూలు. పదిహేనో ఎక్కం, పదహారో ఎక్కం గడగడా చెప్పేవాడు వాడు. దాంతో ఏడాదిలో సగం రోజులు బెల్లు వాడిదే. అప్పట్లో ఇళ్లల్లో గడియారాలు ఎన్ని ఉండేవి చెప్పండి? పొలాల్లో ఉన్నవాళ్లు ఈ పట్టా ముక్క చప్పుడు వినే అన్నానికి వచ్చేవాళ్లు. కుండలో నీళ్లు ముట్టుకోనివ్వలేదు గానీ, ఊరంతా వాడు కొట్టిన బెల్లుకే అన్నం తిన్నారు.

1972లో నేను అయిదో తరగతికి వచ్చేసరికి ముల్కీ తీర్పు, ప్రత్యేకాంధ్ర కావాలని జై ఆంధ్ర ఉద్యమం. బళ్లు మూతపడ్డాయి, రోజులకి రోజులు. మాస్టార్లు రాలేదు, హాలుకి తాళం. మేం మాత్రం రోజూ వచ్చేవాళ్లం. తాళం హాలుకే కదా, గ్రౌండ్‌కి తాళం ఎక్కడ వేస్తారు? పొద్దున వచ్చి చీకటి పడేదాకా. బిళ్లంగోడు, గోళీలు, ఏడు పెంకులాట, కోతి కొమ్మచ్చి అయితే నిద్రగన్నేరు మీద కొమ్మ కొమ్మకీ ఒకడు. ఆకలేస్తే సీమచింతకాయలు. మెల్లిగా హైస్కూలు పిల్లలు కూడా వచ్చారు, వాళ్లకీ సెలవులే. బడి నడిచిన రోజుల కంటే బడి మూసిన ఆ రోజుల్లోనే ఊరి పిల్లలంతా ఒకచోట ఉన్నారు.

1977 నవంబర్ 19 తుపాను రాత్రి గురించి మన దివిసీమలో నేను కొత్తగా చెప్పేది లేదు. కింద కోడూరు, నాగాయలంక వైపు ఉప్పెన చేసింది అందరికీ తెలుసు, పదివేల మందికి పైగా పోయారు. మన ఊరిదాకా ఉప్పు నీళ్లు రాలేదు, గాలి వచ్చింది. నేను టెన్త్. తెల్లారి వచ్చి చూస్తే నిద్రగన్నేరు వేళ్లతో సహా లేచి అడ్డంగా పడుంది, వేళ్ల గొయ్యిలో నీళ్లు, హాలు పెంకులు సగం లేవు. ఆ సగం కప్పు ఉన్న హాల్లో, పాకలు ఎగిరిపోయినవాళ్లంతా, పల్లె వాళ్లు, పాలెం వాళ్లు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మా అమ్మ కూడా. ఒకటే గాడిపొయ్యి, ఒకటే గంజి, ఎవరి గ్లాసు ఎవరిదో ఎవరూ చూళ్లేదు. రెండు వారాలు అలా ఉన్నారు. ఆ తర్వాత పాకలు కట్టుకుని ఎవరి వాడకి వాళ్లు వెళ్లిపోయారు, నెల తిరక్కుండా అంతా మామూలే. నేను అది కూడా చెప్పాలి, అబద్ధం చెప్పకూడదు కదా ఇక్కడ.

పడిపోయిన చెట్టుని తర్వాత కట్టెలకి వేలం వేశారు. చిన్న మాస్టారు రెండు వేప మొక్కలు తెచ్చి పాతారు, ఒకటి గేదెలు తినేశాయి, ఒకటి నిలబడింది. మీరంతా ఇప్పుడు కూర్చున్నది దాని నీడలోనే.

ఇంక ఇప్పటి సంగతి. ఎక్కువసేపు తీసుకోను. ఈ సంవత్సరం మన బళ్లో పిల్లలు పద్నాలుగు మంది. 2022లో 117 జీవో వచ్చి మూడు నాలుగు అయిదు తరగతులు హైస్కూలుకి పంపేశారు, తర్వాత జీవో వెనక్కి తీసుకున్నారు గానీ వెళ్లిన పిల్లలు అందరూ తిరిగి రాలేదు. ఊళ్లోంచి పొద్దున నాలుగు పసుపుపచ్చ స్కూలు వ్యాన్లు వెళ్తున్నాయి, నాలుగు రకాల యూనిఫాంలు. తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను, నా పిల్లల్ని నేనూ అలాగే చదివించా. ఎవరి స్థోమతని బట్టి వాళ్ల వ్యాన్. వ్యాన్ ఎక్కలేనివాళ్ల పిల్లలు ఇక్కడ. ఎవరు ఇక్కడున్నారో, ఏ వాడ నుంచి వస్తున్నారో చూస్తే మీకే తెలుస్తుంది. పది గజాలు ఎడం అన్నానే, అది ఇప్పుడు ఇరవై కిలోమీటర్లు అయింది, ఏసీ వ్యాన్లో.

నిన్న సాయంత్రం అయిదింటికి వచ్చా ఇక్కడికి. గేటుకి తాళం. గేటు బయట అరుగు మీద ఆరుగురు పిల్లలు కూర్చున్నారు, తలా ఒక ఫోన్, ఇద్దరు వ్యాన్ పిల్లలు, నలుగురు మన బడి పిల్లలు. నీ పక్కన కూర్చున్నవాడి పేరేంట్రా అని అడిగా ఒకణ్ణి. తెలీదు తాతా అన్నాడు. ఇల్లు ఎక్కడో తెలుసా? ఆ పక్క వీధి అనుకుంటా అన్నాడు. మూడొందల గడప ఉన్న ఊళ్లో. వాళ్ల వెనకాల, కమ్మీల్లోంచి చూస్తే, ఇంత గ్రౌండ్, శుభ్రంగా ఊడ్చి, ఖాళీగా.

మేడం గారితో మాట్లాడా. తాళం ఎందుకో ఆవిడ చెప్పారు, రాత్రిళ్లు ఎవరెవరో వచ్చి సీసాలు పగలగొడుతున్నారు, కుళాయిలు విరగ్గొట్టారు రెండుసార్లు, ఏమన్నా జరిగితే జవాబు చెప్పాల్సింది ఆవిడే. న్యాయమే ఆవిడ మాట. అందుకని నేను అడిగేది బడిని కాదు, మనల్ని. మన పేరెంట్స్ కమిటీ ఉంది, పంచాయతీ ఉంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఈ గేటు తెరిచి ఉంచాలి. ఊళ్లో పిల్లలు ఎవరైనా, ఏ బడైనా, రావచ్చు. పెద్దవాళ్లు ఇద్దరు ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చోవాలి రోజూ, వంతుల వారీగా. రిటైరైనవాళ్లం ఊళ్లో ఎంతమందిమి ఉన్నామో లెక్కపెట్టా, పద్దెనిమిది మంది తేలారు. అంటే మనిషికి తొమ్మిది రోజులకి ఒకసారి, రెండు గంటలు. ఆరున్నరకి తాళం వేసి చెవి మేడం గారింటికి పంపాలి. కుళాయి విరిగితే బాగు చేయించే ఖర్చు నాది, లైటు కూడా నేను పెట్టిస్తా, ఆ మూల స్తంభం మీద. మొదటి నెల నేను ఇక్కడే ఉంటున్నా ఊళ్లో, మా ఆవిడకి చెప్పేశా. మొదటి వంతు నాదీ వాడిదీ. వాడు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, ఇన్నేళ్లు ఊరి జనాన్ని తిప్పాడు, పిల్లల్ని చూసుకోవడం వాడికి చెప్పక్కర్లేదు. ఏరా, సరేనా? సరేనంటున్నాడు.

ఫుట్‌బాల్, క్రికెట్ కిట్టు, అవన్నీ ఎవరైనా ఇస్తే ఇవ్వండి, కానీ ముందు అవసరం లేదు. మడమ ఉంటే చాలు, గీత గీసుకుంటారు. జట్లు పంచుకోవడం మాత్రం మేం నేర్పిస్తాం.

సర్పంచ్ గారు ఇక్కడే ఉన్నారు, కమిటీ చైర్మన్ అమ్మాయి కూడా అక్కడ నిలబడింది. భోజనాలయ్యాక తీర్మానం రాసుకుందాం, పుస్తకం తెప్పించండి. పద్దెనిమిది మంది పేర్లు నా దగ్గర ఉన్నాయి, ఇక్కడే సంతకాలు పెట్టేద్దాం.

వెనకాల పిల్లలు ఇందాకటి నుంచి బంతి చంకలో పెట్టుకుని నా వైపే చూస్తున్నారు, ఈ తాత ఎప్పుడు ఆపుతాడా, కుర్చీలు ఎప్పుడు తీస్తారా అని. ఆపేస్తున్నా నాయనా. అమ్మా, ఆ మూల నిలబడ్డ పాపా, నువ్వే, ఏ క్లాసు? అయిదా? పదహారో ఎక్కం వచ్చా? సగం వచ్చా, సరే చాలు. వసారాలోకి వెళ్లి ఆ సుత్తి తీసుకుని లాంగ్ బెల్లు కొట్టమ్మా. గట్టిగా కొట్టు, పల్లె దాకా వినపడాలి.